అత్తయ్య తెచ్చిన సిలువ, నాసర్ పొలం గేటు దగ్గర రాయి

[తెర మీద: అరచేతిలో బొటనవేలంత ఆలివ్ చెక్క సిలువ]

ఇది మా మేనత్త తెచ్చింది. యెరూషలేము యాత్రకి వెళ్ళి వస్తూ, చర్చిలో అందరికీ పంచుదామని ఒక సంచెడు పట్టుకొచ్చింది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది చూడండి, బీరువా తాళాలకో కారు అద్దానికో వేలాడుతూ. బేత్లెహేములో కొన్నానంది. "ఇవి ఎవరు చెక్కారత్తయ్యా?" అని అడిగితే, "ఎవరో అక్కడి యూదులై ఉంటార్రా" అంది.

బేత్లెహేములోనూ, పక్కనే ఉన్న బేత్ సహూర్‌లోనూ ఈ చెక్కపని చేసేది ఎక్కువగా పాలస్తీనా క్రైస్తవ కుటుంబాలు. అరబ్బీలో పాటలు పాడుకుని, అరబ్బీలోనే ప్రార్థన చేసుకునేవాళ్ళు. మా అత్తయ్య సంగతి నాకు తెలుసు, ఆ షాపులో కనీసం అరగంట బేరమాడి ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆదివారం చర్చికెళ్ళే మనిషే అయి ఉండొచ్చని ఆమెకి తట్టలేదు, చెప్పినవాళ్ళూ లేరు.

[తెర మీద: రెండు మాటలు పక్కపక్కన: ఇశ్రాయేలు, ఇజ్రాయెల్]

తెలుగులో ఒక తమాషా ఉంది. బైబిల్లో ఇశ్రాయేలు అని ఉంటుంది, పేపర్లో ఇజ్రాయెల్ అని రాస్తారు. మొదటిది యాకోబుకి దేవుడు పెట్టిన పేరు. రెండోది 1948 మే 14న ప్రకటించుకున్న దేశం. మన స్పెల్లింగే రెంటినీ వేరు చేసి చూపిస్తోంది కానీ, మనం చదివేటప్పుడు కలిపేసి చదువుతాం.

ఆ కలిపేయడం ఎవరికి ఎలా తగిలిందో నయీమ్ అతీక్ అనే ఆంగ్లికన్ పాస్టరు రాశారు. 1948లో ఆయనకి 11 ఏళ్ళు. బీసాన్ అనే ఊళ్ళో ఇల్లు. ఇజ్రాయెల్ సైనికులు వచ్చి ఖాళీ చేయిస్తే కుటుంబమంతా నజరేతుకి చేరింది. ఆ తర్వాత పాలస్తీనా క్రైస్తవులకి పాత నిబంధన చదవడమే కష్టమైపోయిందంటారాయన. నిన్నటిదాకా తమదిగా చదువుకున్న గ్రంథాన్నే, తమ ఊళ్ళు పోవడానికి సాక్ష్యంగా చూపిస్తుంటే ఇంక ఏం చదువుతారు? పెద్దయ్యాక ఆయన అదే గ్రంథంలోంచి న్యాయం గురించిన మాటలు పట్టుకుని సబీల్ అనే సంస్థ పెట్టారు. అరబ్బీలో సబీల్ అంటే దారి. నీటి ఊట అని కూడా.

ఈ ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవలో మతం పెట్రోలు లాంటిదని మనందరం అంటాం. నిజమే. కానీ అదే మతాన్ని పట్టుకుని అవతలివాడి పక్కన వెళ్ళి నిలబడ్డవాళ్ళు మూడు మతాల్లోనూ ఉన్నారు. ఈరోజు వాళ్ళ కథ. వాళ్ళు చేసే పనికి ఇంగ్లీషులో పెద్ద పేర్లున్నాయి. మనకైతే "తోడు" అన్న మాట ఉంది, అది చాలు.

[తెర మీద: మ్యాప్. బేత్లెహేము, దానికి నైరుతిలో నహాలిన్]

బేత్లెహేముకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, నహాలిన్ ఊరి దగ్గర ఒక కొండ. పైన దావూద్ నాసర్ కుటుంబం పొలం, దాదాపు 100 ఎకరాలు. ఈయన తాత 1916లో కొన్నాడు. వీళ్ళు లూథరన్లు, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ. మా అత్తయ్య కూడా లూథరనే, గుంటూరు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘం. ఆ సంఘం సభ్యత్వం ఉన్న ప్రపంచ లూథరన్ సమాఖ్యకి 2010 నుంచి 2017 దాకా అధ్యక్షుడు మునీబ్ యూనాన్, యెరూషలేముకి చెందిన పాలస్తీనా బిషప్పు. ఇది చెప్తే అత్తయ్య నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపించాల్సి వచ్చింది.

నాసర్ల దగ్గర టర్కీ సుల్తానుల కాలం నాటి కాగితాలున్నాయి, బ్రిటిష్ వాళ్ళ కాలంవీ ఉన్నాయి. అయినా 1991లో ఇజ్రాయెల్ అధికారులు ఇందులో చాలా భాగం ప్రభుత్వ భూమి అన్నారు. అప్పట్నుంచి కేసు నడుస్తూనే ఉంది. సైనిక కోర్టు, సుప్రీంకోర్టు, మళ్ళీ సర్వే, మళ్ళీ వాయిదా. పొలం తగాదాల్లో ఒక తరం అరిగిపోవడం మనకేం కొత్త కాదు. కాకపోతే ఇక్కడ అవతలి పార్టీ సైన్యం.

ఏదన్నా కట్టుకోవాలంటే పర్మిషన్ ఇవ్వరు. పర్మిషన్ లేకుండా గుడారం వేసినా కూల్చేస్తామని నోటీసు. అందుకని గుహల్లో ఉంటారు, వాననీళ్ళు తొట్లలో పట్టుకుంటారు, కరెంటు సోలార్ పలకలది. రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు పడేశారు కాబట్టి, వచ్చినవాళ్ళెవరైనా చివర్న నడిచే వెళ్ళాలి.

[తెర మీద: గేటు దగ్గర రాయి, దాని మీద పెయింట్‌తో అక్షరాలు]

నడిచి వెళ్తే గేటు దగ్గర ఈ రాయి కనిపిస్తుంది. చాలా భాషల్లో ఒకటే మాట: శత్రువులుగా ఉండటానికి మేం ఒప్పుకోం.

ఈ మాట నాకు మొదట్లో అంత నచ్చలేదు, దాచుకోవడం ఎందుకు. పొలం పోతున్నవాడు ఇంత మెత్తగా మాట్లాడటమేంటి అనిపించింది. తర్వాత అర్థమైంది, ఇది మెత్తని మాట కాదని. నువ్వు నన్ను శత్రువుగానే చూస్తావు, నేను మాత్రం ఆ వేషం కట్టను, పొలం మాత్రం వదలను. 2014 మేలో సైన్యం బుల్డోజర్లు తెచ్చి లోయలో కాపుకొచ్చిన పండ్ల చెట్లు తొక్కించేసింది. కుటుంబం లెక్కలో దాదాపు 1,500 చెట్లు. దేశదేశాల నుంచి జనం వచ్చి మళ్ళీ మొక్కలు నాటారు. వాళ్ళలో యూదులూ ఉన్నారు.

ఇప్పుడు ఒక ప్రశ్న రావాలి మీకు. చెట్ల మీద ఎందుకంత పట్టు?

[తెర మీద: ఆలివ్ తోట. చెట్టు కింద పరిచిన పట్టా, కర్రలతో కాయలు దులుపుతున్న మనుషులు]

బేత్లెహేము, ఈ పొలం ఉన్నది వెస్ట్ బ్యాంక్‌లో, అంటే 1967 నుంచి ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్న పాలస్తీనా ప్రాంతంలో. అక్కడ భూమి లెక్కలకి ఇప్పటికీ మూలం 1858 నాటి ఒట్టోమన్ భూమి చట్టం. అందులో ఒక మెలిక ఉంది. కొన్ని రకాల భూములు వరసగా మూడేళ్ళు సాగు చెయ్యకుండా వదిలేస్తే సర్కారు తీసుకోవచ్చు. 1979 తర్వాత ఇజ్రాయెల్ ఈ మెలికని గట్టిగా వాడుకుంది. అంటే, రైతుని చెట్టు దగ్గరికి రానివ్వకుండా ఆపగలిగితే చాలు, కొన్నేళ్ళకి "సాగులో లేదు" అని కాగితమే చెప్తుంది. మన పహాణీలోనో అడంగల్‌లోనో సాగుదారు గడి ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్టోబర్, నవంబర్లలో ఆలివ్ కాయలు దులిపే రోజులు. మనవైపు చింతచెట్టు దులిపినట్టే, కింద పట్టా పరిచి, పిల్లాజెల్లా అందరూ. సెటిల్‌మెంట్ల పక్కనున్న తోటల్లో, అంటే వెస్ట్ బ్యాంక్ నేల మీద ఇజ్రాయెల్ వాళ్ళు కట్టుకున్న కాలనీల పక్కన మాత్రం, భయం భయంగా. రాళ్ళు పడతాయి, ఒక్కోసారి తుపాకులు. మామూలుగా సైన్యం చేసే పని ఏంటంటే, గొడవ వస్తుందని ఆ చోటంతా మూసేసి, రైతుని ఇంటికి పొమ్మనడం. దెబ్బలు తినేవాణ్ణే బయటికి పంపడమన్నమాట.

ఇక్కడ వస్తారు రబ్బీలు. "రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్" అని 1988లో, మొదటి ఇంతిఫాదా (పాలస్తీనా వాళ్ళ తిరుగుబాటు) రోజుల్లో పెట్టిన సంస్థ. నెత్తిన కిప్పా అనే చిన్న టోపీ పెట్టుకున్న యూదు గురువులు పాలస్తీనా రైతులకి తోడు వెళ్ళి, వాళ్ళతోపాటు కాయలు దులుపుతారు. వాళ్ళు చూపించే వాక్యం ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయంలోది: పట్టణాన్ని ముట్టడించి ఎన్నాళ్ళు యుద్ధం చేసినా, అక్కడి పండ్ల చెట్టు మీద గొడ్డలి ఎత్తకూడదు.

వాక్యం చెప్పి ఊరుకోలేదు, కోర్టుకి వెళ్ళారు. కొన్ని ఊళ్ళ పెద్దలు, పౌరహక్కుల సంఘం, ఈ రబ్బీలు కలిసి వేసిన కేసులో 2006 జూన్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. న్యాయమూర్తి డోరిట్ బైనిష్. రైతుని కాపాడటం అంటే రైతుని తోలెయ్యడం కాదు, పొలానికి వెళ్ళనిచ్చి అక్కడ కాపలా ఉండాలి అని సైన్యానికి చెప్పింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో చేతికి దొరికిన గట్టి ఫలితం ఇదే. వంద శాంతి సభల కంటే ఈ ఒక్క తీర్పు వల్ల ఎక్కువమంది తమ చెట్ల దగ్గరికి పోగలిగారు. అమలు మాత్రం ఏటా ఒక పోరాటమే. ఫలానా తోటకి ఫలానా రెండు రోజులే అని సైన్యం డేట్లు ఇస్తుంది. కాయ పండకపోయినా అప్పుడే దులుపుకోవాలి.

[తెర మీద: కొండవాలు, రాళ్ళ మధ్య పరిగెత్తుతున్న మనుషుల నీడలు, యానిమేషన్]

2015 అక్టోబర్‌లో వెస్ట్ బ్యాంక్‌లోని అవర్తా అనే ఊరి దగ్గర ఒక ఉదయం. రబ్బీ అరిక్ ఆషర్‌మాన్ మీద ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక యువకుడు కత్తి ఎత్తాడు. తన్నాడు, రాళ్ళు విసిరాడు. యూదుడు, యూదు గురువు మీద. వీడియో ప్రపంచమంతా చూసింది. పెద్ద దెబ్బలు తగల్లేదు. ఆయన ఆ పని మానలేదు, ఆ కొండలకి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు.

క్రైస్తవుల వైపు నుంచి ఇలాంటి తోడు 2002లో మొదలైంది. యెరూషలేము చర్చి పెద్దలు పిలిస్తే వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఒక కార్యక్రమం పెట్టింది. దేశదేశాల నుంచి వాలంటీర్లు మూడు నెలలకి వస్తారు. పని చెప్తే బోరుగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి బేత్లెహేము చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి, యెరూషలేములో కూలికి వెళ్ళేవాళ్ళు ఎంతమంది దాటారో లెక్కపెట్టడం. ఎన్ని గేట్లు తెరిచారో, ఎవర్ని వెనక్కి పంపారో రాసుకోవడం. స్కూలు పిల్లల వెంట నడవడం. తిరిగెళ్ళాక తమ ఊళ్ళో, తమ చర్చిలో, తమ ఎంపీకి కళ్ళారా చూసింది చెప్పడం. వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోన్ పట్టణంలో వేధింపులు మరీ ఎక్కువై 2019 మొదట్లో అక్కడి టీమును వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. చూసేవాడంటే అంత కంటగింపు.

ముస్లింల వైపు షేక్ అబ్దుల్లా నిమర్ దర్వీష్ పేరు చెప్పాలి. ఇజ్రాయెల్‌లో ఇస్లామిక్ ఉద్యమాన్ని మొదలుపెట్టిందే ఆయన. 1980ల మొదట్లో జైలుకెళ్ళి, బయటికొచ్చాక హింస దారి వద్దని, చనిపోయేదాకా రబ్బీలతో కూర్చుని మాట్లాడాడు.

ఇంకో మనిషి నన్ను బాగా తికమక పెట్టాడు. రబ్బీ మెనహెమ్ ఫ్రోమన్, 2013లో పోయారు. ఆయన ఉండేది తెకోవా అనే సెటిల్‌మెంట్‌లో! ఆక్రమణ అని ప్రపంచం అనే చోటే ఇల్లు. అలాంటివాడు పాలస్తీనా నాయకుడు అరాఫత్‌ని కలిశాడు, పాలస్తీనా సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ స్థాపకుడు షేక్ యాసీన్‌ని కలిశాడు. 2010 అక్టోబర్‌లో బేత్ ఫజ్జార్ ఊళ్ళో మసీదుకి ఎవరో నిప్పు పెడితే, చంకలో కొత్త ఖురాన్లు పెట్టుకుని ఇంకొందరు సెటిలర్ రబ్బీలతో ఆ మసీదుకి వెళ్ళాడు. పాలస్తీనా వాళ్ళలో కొందరు "ముందు మా భూమిలోంచి లే, తర్వాత ఖురాన్ ఇద్దువుగాని" అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా కాలిన గోడల మధ్యకి నడిచి వెళ్ళిన ఆ ముసలాయన్ని కొట్టిపారేయలేను.

[తెర మీద: 310, 303 అంకెలు]

ఇవి అమెరికాలో ఒక చర్చిలో పడ్డ ఓట్లు. పాలస్తీనా చర్చి పెద్దలు 2009 డిసెంబర్‌లో బేత్లెహేములో "కైరోస్ పాలస్తీనా" అని ఒక పత్రం విడుదల చేశారు: మా కోసం ప్రార్థిస్తే సరిపోదు, ఆక్రమణలో మీ డబ్బు ఉంటే వెనక్కి తీసుకోండి అని. 2014 జూన్‌లో ప్రెస్బిటేరియన్ చర్చి ఆ ప్రశ్నని ఓటింగుకి పెట్టి, ఆక్రమణకి సాయపడుతున్నాయంటూ క్యాటర్‌పిల్లర్, హెచ్‌పీ, మోటరోలా సొల్యూషన్స్ షేర్లు అమ్మేసింది. ఏడు ఓట్ల తేడా. దశాబ్దాలుగా స్నేహంగా ఉన్న యూదు సంస్థలు కొన్ని బాగా నొచ్చుకున్నాయి, యూదు ద్వేషం మళ్ళీ తలెత్తుతోందన్నాయి. ఐరోపా చర్చిల చరిత్ర తెలిసినవాళ్ళెవరూ ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేరు. మరోవైపు, 2006లో పాస్టర్ జాన్ హేగీ పెట్టిన "క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్" లక్షలమందితో సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తోంది. మన యూట్యూబ్ ప్రసంగాల్లో వినపడేది ఎక్కువగా ఈ రెండో గొంతే.

తర్వాత 2023 అక్టోబర్ 7. హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో మృతులు 2025 జులై చివరికే 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. తోడు అన్న మాటకి అర్థముందా అని ఈ పనిలో ఉన్నవాళ్ళే అడుక్కున్న రోజులవి. 2023లోనే బేత్లెహేములో క్రిస్మస్ వేడుకలు మానేశారు. అక్కడి లూథరన్ చర్చిలో పాస్టర్ ముంథర్ ఇసాక్ పశువుల తొట్టి పెట్టలేదు. సిమెంటు పెళ్ళలు, విరిగిన రాళ్ళు కుప్పపోసి, నడిమధ్యలో బాలయేసు బొమ్మని పడుకోబెట్టారు. దుప్పటికి బదులు పాలస్తీనా నలుపు తెలుపు గళ్ళ కండువా.

[తెర మీద: మళ్ళీ ఆలివ్ చెక్క సిలువ]

ఈ స్క్రిప్టు రాస్తూ మా అత్తయ్యకి చదివి వినిపించాను. ముంథర్ ఇసాక్ చర్చి దగ్గర ఆపి, "నేను వెళ్ళిన చోటేగా అది?" అంది. ఊరు అదే అత్తయ్యా, బస్సు మాత్రం ఆ వీధిలోకి పోలేదు అన్నాను. ఆంధ్రా ప్రభుత్వం ఈ యాత్రకి ఇచ్చే సాయాన్ని తక్కువ ఆదాయం వాళ్ళకి 2019లో 40 వేల నుంచి 60 వేలకి పెంచింది కదా, ఆ లెక్కలన్నీ ఆమె దగ్గర నోట్‌బుక్కులో ఉన్నాయి. గొడవలు సద్దుమణిగితే ఇంకోసారి పోవాలని ఆశ. వెంటనే ట్రావెల్స్ అబ్బాయికి ఫోన్ కలిపింది. "బాబూ, బేత్లెహేము పక్కన ఒక లూథరన్ల పొలం ఉందంట, రాయి మీద ఏదో రాసుంటుందంట. ఒక్క గంట ఆపుతావా?"

స్పీకర్‌లో నాకూ వినపడింది.

"అది ప్యాకేజీలో లేదమ్మా."

"అయితే కలుపు" అంది.