మైనింగ్ మొదలువెట్టేముందు కరెంటు బిల్లు తీసి చూడుండ్రి
(గ్రంథాలయ వారోత్సవాలల్ల హన్మకొండల చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ సారుకు, కాలనీ పెద్దమనుషులకు, ముందు వరుసల కూసున్న అమ్మలకు అక్కలకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు, అందరికీ. వారోత్సవాలంటే ఎప్పుడూ కవులు, రచయితలే మాట్లాడుతరు, ఈసారి కంప్యూటర్లకు కూడా ఒక సాయంత్రం ఇచ్చిండ్రు, అందుకు కమిటీకి థ్యాంక్స్. నాకిచ్చిన టాపిక్ ఏందంటే ఇంట్ల ఉన్న గేమింగ్ కంప్యూటర్ మీద క్రిప్టో మైనింగ్ సేఫ్‌గ, లాభంగ ఎట్ల చేయాలె అని. నేను ఏండ్ల సంది ఇక్కడ్నే కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్న, షాపుకొచ్చే పోరగాళ్లు అడిగేది ఒక్కటే, అన్నా నెలకు ఎంతొస్తది? నెలకు ఎంత పోతది అని అడిగినోడు నాకింకా తగల్లేదు. అందుకే నేను పోయేదాని కాడ్నుంచే మొదలువెడుత.

అంతకుముందు రెండు ముక్కల్ల, తెలియనోళ్ల కోసం. క్రిప్టో కాయిన్లంటే ఇంటర్నెట్‌ల నడిచే డిజిటల్ పైసలు, బిట్‌కాయిన్ అసొంటియి. మైనింగ్ అంటే వాటిని తవ్వుడు, ఆ కాయిన్‌ను నడిపే కంప్యూటర్ల నెట్‌వర్క్ ఒక షరతు పెడతది, ఆ షరతుకు సరిపోయే జవాబు దొరికేదాక కంప్యూటర్ అదే లెక్కను నంబర్ మార్చి మార్చి చేసుకుంట పోతది, నంబర్ మర్చిపోయిన సూట్‌కేసు తాళాన్ని ఒక్కొక్క అంకె తిప్పుకుంట పోయినట్టు. ముందు దొరికించుకున్నోనికి కొత్త కాయిన్లు వస్తయ్. బిట్‌కాయిన్ 2009 జనవరిల మొదలైనప్పుడు మామూలు కంప్యూటర్ మీదనే ఈ పని అయ్యేది. 2013 నుంచి ఆ ఒక్క లెక్క కోసమే తయారుచేసిన ఏసిక్ మిషన్లు దిగినయ్, వాటి ముందట మన గేమింగ్ కార్డు, అంటే కంప్యూటర్ల ఉండే గ్రాఫిక్స్ కార్డు, వేల రెట్లు వెనక. పైగా 2024 ఏప్రిల్ల ఒక్క జవాబుకు, అంటే ఒక్క బ్లాకుకు, ఇచ్చేది 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. కాబట్టి ఇంట్ల కార్డు పెట్టి బిట్‌కాయిన్ తవ్వుత అన్న ఆలోచన ఈడ్నే వదిలేయుండ్రి.

మరి నైస్‌హాష్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ పెడితే బిట్‌కాయిన్లే వస్తున్నయ్ కదా అంటరు. వస్తయ్, కానీ అక్కడ మీరు తవ్వుతలేరు, మీ కార్డు బలాన్ని వేరేటోళ్లకు కిరాయికి ఇస్తున్నరు, ఆ కిరాయి బిట్‌కాయిన్ల లెక్కన ఇస్తరు. మంచిదే, సులువు కూడా, కానీ 2017 డిసెంబర్ల దాని మీద హ్యాకర్లు పడి సుమారు 4,700 బిట్‌కాయిన్లు ఎత్తుకపోయిండ్రు, అది యాదికుంచుకొని వచ్చింది వచ్చినట్టు మన సొంత వాలెట్‌కు, అంటే కాయిన్లు దాచుకునే డిజిటల్ పర్సుకు, మార్చుకోవాలె.

గేమింగ్ కార్డులకు నిజంగ పైసలిచ్చింది ఇథీరియం అనే ఇంకో కాయిన్. 2021ల కార్డు దొరకాలంటే రెట్టింపు ధర పెట్టాల్సొచ్చింది, ఆడుకునే పోరగాళ్లకు కార్డులే లేవు, అన్నీ మైనింగ్‌కే పోయినయ్. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ పద్ధతే బంద్ చేసింది. ఒక్కరోజుల. అప్పటిదాక దాని మీద నడిచిన కార్డులల్ల కొన్ని రావెన్‌కాయిన్, ఇథీరియం క్లాసిక్, ఎర్గో అనే చిన్న కాయిన్ల మీద పడ్డయ్, పంచేది అంతే ఉన్నది, పంచుకునేటోళ్లు ఎక్కువైండ్రు. యూట్యూబుల ఇంకా 2021 వీడియోలు తిరుగుతనే ఉన్నయ్, అవి చూసి వచ్చే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే, ముందు తారీఖు చూడుండ్రి.

ఇగ అసలు లెక్క. జర శ్రద్ధగ వినుండ్రి, ఫోన్ల కాలిక్యులేటర్ తీసినా పర్వాలేదు. ఒక గేమింగ్ కంప్యూటర్ మైనింగ్ చేస్తుంటే గోడ సాకెట్ దగ్గర 250 వాట్లు లాగుతది అనుకుందాం. సాఫ్ట్‌వేర్ చూపించేది ఒక్క కార్డు తినేదే, ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, కంప్యూటర్ లోపలికి కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ డబ్బాల వేడిగ పోయేది అది చూపియ్యదు, అందుకే ప్లగ్‌కు పెట్టే చిన్న మీటర్ కొనుక్కోవాలె. 250 వాట్లు రోజంతా నడిస్తే 6 యూనిట్లు, నెలకు 180. మీ ఇంట్ల ఇప్పటికే 180 యూనిట్లు కాలుతున్నయ్ అనుకో, 200 లోపలనే కాబట్టి మొదటి వందకు 3.40 చొప్పున, మిగతా ఎనభైకి 4.80 చొప్పున, 724 రూపాయలు. ఇప్పుడు మైనింగ్‌తోటి మొత్తం 360 అయింది. 200 దాటితే స్లాబే మారిపోతది, మొదటి యూనిట్ నుంచే 5.10, 201 నుంచి 7.70, 301 నుంచి 9 రూపాయలు. వేసి చూడుండ్రి, 2,330. అంటే ఆ కంప్యూటర్ ఒక్కటే నెలకు 1,606 రూపాయలు తిన్నది, యూనిట్‌కు దగ్గర దగ్గర 8.90 పడ్డది, ఫిక్సుడ్ ఛార్జీ, సుంకం వేరే. రోజుకు 53 రూపాయల కాయిన్ రాకపోతే నష్టమే. వెబ్‌సైట్లల్ల లాభం చూపించే కాలిక్యులేటర్లు ఉంటయ్ కదా, వాటిల్ల కరెంటు రేటు వాళ్లే ఏదో ఒకటి పెట్టి ఉంచుతరు, అది తీసేసి మీ రేటు కొట్టాలె. కొట్టంగనే ఆకుపచ్చ అంకెలు ఎర్రగైతయ్.

ఇంకొక మాట, ఇది ముందు వరుసల ఉన్న అమ్మలకు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాక మీకు జీరో బిల్లు వస్తున్నది, 2024 మార్చి నుంచి. 200 దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలె, దాటినదానికి ఒక్కదానికే కాదు. కొడుకు రూముల తలుపేసుకొని రాత్రంతా ఏదో నడిపిస్తున్నడు, నెలాఖరుకు సున్నా వచ్చే బిల్లు రెండు వేలు దాటుతది. కొట్లాట పెట్టుకోకుండ్రి, కూసోబెట్టి ఇదే లెక్క వేయించుండ్రి.

మరి లాభమే లేదా అంటే, ఉన్నచోట ఉన్నది. కార్డు ఇంట్ల ఇప్పటికే ఉండాలె, మైనింగ్ కోసం కొనొద్దు. ఆఫ్టర్‌బర్నర్ అని సాఫ్ట్‌వేర్ ఉంటది, దాంట్ల పవర్ లిమిట్ దింపాలె. ఎన్విడియా 3060 కార్డు 170 వాట్లది, 120 దగ్గర నడిపితే వేడి తగ్గుతది, కార్డు మెమరీ మీద ఎక్కువ నడిచే కాయిన్లకైతే సంపాదన పెద్దగ తగ్గదు, రావెన్‌కాయిన్ కోర్‌ను, అంటే లెక్కలు చేసే అసలు చిప్పును, గట్టిగ వాడతది కాబట్టి అక్కడ జర తగ్గుతది. ప్రాసెసర్ మీద చేయాలంటే మొనేరో అనే కాయిన్ ఒకటి ఉన్నది, 2019 నవంబర్‌ల మామూలు ప్రాసెసర్లకు అనుకూలంగ దాని లెక్కే మార్చిండ్రు. ఎండకాలం మాత్రం వద్దు. మే నెలల మన వరంగల్ ఎండ 43, 44 దాటుతది, రూముల ఏసీ లేకుంటే కార్డుకు చల్లగాలి యాడికెళ్లొస్తది, ఏసీ వేస్తే దాని బిల్లు ఎవడు కడతడు. ఇంకొకటి ఇక్కడ్నే కనిపించేది, ఎనుమాముల మార్కెట్ దిక్కు నుంచి, జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇండ్లల్ల నుంచి వచ్చే కంప్యూటర్లు విప్పితే కార్డు ఫ్యాన్ రెక్కల వెనక పత్తి నూగు మెత్తలాగ పేరుకొని ఉంటది, వేలుతో లాగితే పొరలాగ మొత్తం లేస్తది. పత్తి సీజన్‌ల నెలకొకసారి బ్లోయర్ కొట్టాలె.

వైరింగ్ గురించి గట్టిగ చెప్తున్న. కాజీపేట నుంచి ఒక తమ్ముడు మైనింగ్ కోసం మూడు కార్డులు కలిపి కట్టిన రిగ్ తెచ్చిండు, కార్డును బోర్డుకు దూరంగ పెట్టి కలిపే రైజర్లకు కరెంటు, హార్డ్ డిస్కుకు ఇచ్చే సాటా వైరు నుంచి ఇచ్చిండు. సాటా పిన్నులు 12 వోల్టుల మీద 54 వాట్ల దాకనే తట్టుకుంటయ్, రైజర్ 75 దాక లాగొచ్చు. ఆ కనెక్టర్ చూసిన నేను, నల్లగ కాగి, ప్లాస్టిక్ కరిగి పిన్నులకు అతుక్కపోయింది, పట్టుకారుతో లాగితే వైరు ఊడొచ్చింది గానీ కనెక్టర్ రాలే. పక్కకే బట్టల బీరువా అంట. ఇంట్లోళ్లు నిద్రల ఉన్నరంట. రైజర్‌కు సాటా వైరు వాడొద్దు, నాసిరకం ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు, గోడల వదులైన సాకెట్ వాడొద్దు, ఎర్తింగ్ చెక్ చేయించుకోకుండ నడపొద్దు, పరుపు పక్కకు పెట్టొద్దు.

ఇప్పుడు నేను వాలెట్ల గురించి చెప్పాలె, కాయితం మీద గట్లనే రాసుకున్న. కానీ నన్ను ఈడికి రప్పించిన సంగతి వేరే ఉన్నది, అది చెప్పకుండ దిగబుద్ధైతలేదు.

మా వీధిల ఒక రిటైర్డ్ టీచర్ సారు ఉన్నరు. నాకు చదువు చెప్పిన సారే. ఒక పొద్దుగూకాల షాపుకొచ్చి ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "బిడ్డా, ఫోన్ల ఏదో పాడైనట్టున్నది, బటన్ నొక్కితే పైసలు వస్తలేవు, జర చూడు" అన్నరు. మైనింగ్ యాప్ అది. నీలం రంగు ఫ్యాన్ బొమ్మ గిర్రున తిరుగుతున్నది, కింద డాలర్ల అంకె పెరుగుతున్నది. నేను ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల పెట్టిన. నెట్ లేదు, సిగ్నల్ లేదు, అంకె మాత్రం పెరుగుతనే ఉన్నది. సారుకు చూపిచ్చిన. సారు చాలాసేపు దాన్నే చూసిండ్రు.

ఎవరో ఫంక్షన్ హాల్ల మీటింగ్ పెట్టిండ్రంట, బిర్యానీ పెట్టిండ్రంట, మీరు మిషన్ కొనక్కర్లేదు, మీ పేరు మీద వేరే దేశంల మిషన్ నడుస్తది, రోజుకింత శాతం ఖాతాల పడతది అన్నరంట. మొదట్ల పడ్డయ్ కూడా. పడ్డయ్ కాబట్టే సారు రిటైర్‌మెంట్ పైసలు పెట్టిండ్రు, బావమరిదిని చేర్పించిండ్రు, తనతో పనిచేసిన టీచర్లను చేర్పించిండ్రు. ఇప్పుడు పైసలు తీసుకోవాలంటే ముందు 30 శాతం టాక్స్ కట్టమని యాప్ అడుగుతున్నది. కట్టనీకి అప్పు కోసం తిరుగుతున్నరు సారు. వినుండ్రి, 30 శాతం టాక్స్ నిజమే, 2022 ఏప్రిల్ నుంచి ఉన్నది, కానీ అది మనం రిటర్న్ వేసేటప్పుడు ప్రభుత్వానికి కట్టేది. అమ్మినప్పుడు కోసేది 1 శాతం టీడీఎస్. ముందుగల్ల నాకు టాక్స్ పంపు, తర్వాత నీ పైసలిస్త అని అడిగినోడు దొంగ. అడిగినోడు దొంగ, ఎన్నిసార్లయినా చెప్త.

ఇది కొత్తది కాదు. గెయిన్‌బిట్‌కాయిన్ అని మన దేశంలనే వచ్చింది, మైనింగ్ పేరు మీదనే, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తమన్నరు, నడిపినాయన 2018ల అరెస్టైండు. మైనింగ్‌ల వచ్చేది రోజురోజుకు మారుతది, కాయిన్ ధర మారుతది, ఎందరు తవ్వుతున్నరో మారుతది, మరి రోజూ ఒకే శాతం ఎట్లిస్తడు? కొత్తగ చేరినోళ్ల పైసలే పాతోళ్లకు ఇస్తడు, ఇంక ఏడ్నుంచి తెస్తడు?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేద్దాం సారూ అన్న. సారు వద్దన్నరు. నా మాట మీద పెట్టినోళ్లున్నరు, వాళ్లకు ఏ మొహంతోటి చెప్పాలె అన్నరు. నాకు నిద్ర పట్టనిది ఈ మాటకే. మీటింగ్ పెట్టినోడు ఈ ఊర్లనే బండి మీద తిరుగుతున్నడు, పేరు మార్చి ఇంకో యాప్ తెచ్చిండు అంటున్నరు, మిర్చి అమ్మిన పైసలు చేతికొచ్చే టైముకు మళ్ల మీటింగులు పెడతడు. మోసపోయినోళ్లు సిగ్గుతోటి నోరు మూసుకుంటే వానికి ఇంకేం గావాలె? ఇక్కడ కూసున్నోళ్లల్ల కూడా ఒకరిద్దరు ఉండొచ్చు, నేను ఎవరి దిక్కూ చూస్తలేను. మీరు తప్పు చేయలే. 1930కి చేయుండ్రి, ఎంత తొందరగ చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఒక్కరే పోబుద్ధి కాకుంటే షాపుకు రాండ్రి, నేను మీ వెంట పోలీస్ స్టేషన్‌కు వస్త.

టైం అయిందని లైబ్రేరియన్ సారు చూస్తున్నరు, మిగిలినవి గబగబ చెప్త. మైనింగ్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్ డిఫెండర్ వైరస్ అంటది, అట్లని డిఫెండర్‌ను మొత్తం బంద్ చేయొద్దు, తయారుచేసినోళ్ల పేజీ నుంచే దించుకోవాలె, ఆ ఒక్క ఫోల్డర్‌కే మినహాయింపు ఇయ్యాలె. క్రాక్ చేసిన గేములల్ల దాచిపెట్టిన మైనింగ్ సాఫ్ట్‌వేర్లు ఉంటయ్, మీ కరెంటు మీద దాన్ని పెట్టినోడు మొనేరో తవ్వుకుంటడు. వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 లేదా 24 పదాలు కాయితం మీద రాసుకోవాలె, ఫోటో తీయొద్దు, ఎవడు అడిగినా చెప్పొద్దు. మైనింగ్‌కు పెట్టిన కరెంటు, కార్డు ఖర్చును కాయిన్ కొన్న ధర కింద చూపించుకోనీకి లేదని 2022లనే పార్లమెంట్‌ల చెప్పిండ్రు, అంటే ఖర్చు పోను లాభం మీదనే టాక్స్ పడతది అనుకోకుండ్రి. ఒక కాయిన్‌ల నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంల కలుపుకోనీకి కూడా లేదు. కాలేజీ ల్యాబుల, ఆఫీసు కంప్యూటర్ల మీద మాత్రం చేయకుండ్రి తమ్మీ, అది వేరేటోళ్ల కరెంటు.

షాపుకు వచ్చేటోళ్లు పోయిన మూడు నెలల కరెంటు బిల్లులు పట్టుకొని రాండ్రి, కూసోని లెక్క వేద్దాం, పైసలేం తీసుకోను. ఇగ ప్రశ్నలుంటే అడుగుండ్రి. ఆ వెనక కిటికీ కాడ చెయ్యెత్తిన తమ్ముడు, నువ్వు ముందు అడుగు.