వాలంటీర్ ఫైర్ స్టేషన్‌కు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

(తెరపై: రాత్రివేళ ఓ చిన్న ఊరి వీధి. దూరంగా సైరన్ మోగుతోంది.)

నమస్కారం అండీ. మన ఊళ్లో ఇల్లు అంటుకుంటే 101కి ఫోన్ చేస్తాం. వచ్చే ఫైరింజన్ ప్రభుత్వానిది, అందులోంచి దిగేవాళ్లకు జీతమిచ్చేదీ ప్రభుత్వమే. అమెరికాలో చాలా చిన్న ఊళ్లలో పరిస్థితి వేరు. ఫోన్ రాగానే మెకానిక్ చేతిలో పని పక్కన పెట్టి, టీచరు కంచం ముందునుంచి లేచి స్టేషన్‌కు పరుగెత్తుతారు. 2020 లెక్కల ప్రకారం ఆ దేశంలో 10,41,200 మంది అగ్నిమాపక సిబ్బంది ఉంటే, వాళ్లలో 6,76,900 మంది వాలంటీర్లే. అంటే వందకు 65 మంది.

జీతాలు లేవు కదా, ఇంక ఖర్చేముంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ వీడియో ఆ ప్రశ్న గురించే.

(తెరపై: తోలు బకెట్ల బొమ్మ.)

1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ మొదలుపెట్టినప్పుడు, సభ్యులు తోలు బకెట్లు, సామాను బయటికి చేరవేసే సంచులు ఎవరివి వాళ్లే కొనుక్కునేవాళ్లు. ఇవాళ ఆ సంగతి ఊహకైనా అందదు. మంటల్లోకి వెళ్లే మనిషికి కోటు, ప్యాంటు, హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు కలిపి మూడు వేల డాలర్లు దాటిపోతాయి. వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్ ఖర్చు వేరు. (చాలామంది దాన్ని ఆక్సిజన్ అనుకుంటారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడి పెట్టి నింపుతారు.) ఆ కోటు చిరగకపోయినా, తయారైన పదేళ్లకు పక్కన పెట్టేయాలని అక్కడి భద్రతా ప్రమాణాలు చెబుతాయి. ఇక కొత్త ఫైరింజన్ ధర పది లక్షల డాలర్ల చుట్టుపక్కల ఉంది. రెండు వేల మంది ఉన్న ఊరు అంత డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి?

ముందుగా ఇంటి పన్నులోంచి. చాలాచోట్ల ఫైర్ డిస్ట్రిక్ట్ అని ఫైర్ సర్వీసుకోసం ఓ పరిధి గీసి, దానికి విడిగా ఓ పన్ను కడతారు. అది చాలకపోతే ఆదివారం పాన్‌కేకులు, శుక్రవారం చేపల వేపుడు, బింగో ఆటలు. మంటలార్పే మనుషులే వంటకు నిలబడి చందాలు పోగుచేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, చేపల వేపుడు అమ్మి ఫైరింజన్ కొనడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

(తెరపై: "ఏఎఫ్‌జీ" అనే అక్షరాలు.)

అక్కడే కేంద్ర ప్రభుత్వం అవసరమవుతుంది. 2001 ఆర్థిక సంవత్సరంలో ఏఎఫ్‌జీ, అంటే అగ్నిమాపక సిబ్బందికి సాయంగా ఇచ్చే గ్రాంటు, మొదలైంది. దాన్ని ఫెమా అనే విపత్తు నిర్వహణ సంస్థ చూస్తుంది. పరికరాలు, శిక్షణ, వాహనాలు దీంట్లోకి వస్తాయి. అందులో కనీసం 25 శాతం పూర్తి వాలంటీర్ స్టేషన్లకే వెళ్లాలని చట్టంలోనే రాసి ఉంది. ఊరు తన వాటా కూడా పెట్టుకోవాలి. జనాభా 20,000 లోపైతే గ్రాంటులో 5 శాతం, పది లక్షలు దాటితే 15 శాతం. లక్ష డాలర్లు వచ్చిందనుకుంటే చిన్న ఊరు పెట్టుకోవాల్సింది 5,000. ఇది న్యాయమైన లెక్కే.

జనాభా 10,000 దాటని ఊళ్లకు అటవీశాఖ వైపునుంచి ఇంకో సాయం ఉంది. దాంట్లో మాత్రం సగానికి సగం ఊరే భరించాలి.

మరి సమస్య ఎక్కడ? అప్లికేషన్ దగ్గర. ఏడాదికోసారి కొన్ని వారాలపాటే గడువు తెరుస్తారు. దానికి ముందే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్టేషన్ పేరు నమోదై ఉండాలి, ఆ నమోదును ఏటా పునరుద్ధరించుకోవాలి. ఎన్ని కాల్స్ వచ్చాయి, తొడుక్కునే కోట్లకు ఎన్నేళ్లు, ఎందుకు కావాలి, ఇప్పుడు లేకపోతే ఏమవుతుంది, అన్నీ వివరంగా రాయాలి. తర్వాత ఫైర్ సర్వీసులో పనిచేసినవాళ్లే కూర్చుని వాటిని చదివి మార్కులేస్తారు. ఆ పద్ధతి మంచిదే, పని తెలిసినవాళ్లకే పని విలువ తెలుస్తుంది. కానీ పెద్ద ఊరి స్టేషన్‌లో ఇవి రాయడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారు. చిన్న ఊళ్లో రాసేది పగలంతా ట్రాక్టర్ నడిపి, రాత్రి కంప్యూటర్ ముందు కూర్చునే చీఫ్. ఎక్కువ అవసరం ఉన్నచోటే ఆ అవసరాన్ని కాగితం మీద పెట్టగలిగే తీరిక తక్కువ. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. డబ్బు పెంచడంతో పాటు ఆ ఫారాలు నింపడానికి ఒక మనిషి తోడునివ్వడం కూడా సాయమే అని నేను గట్టిగా నమ్ముతాను.

(తెరపై: టెక్సాస్ పటం, వెస్ట్ పట్టణం.)

శిక్షణకు డబ్బెందుకు అనేవాళ్లకు ఒక్క సంగతి చెబుతాను. 2013 ఏప్రిల్ 17న టెక్సాస్‌లోని వెస్ట్ అనే చిన్న పట్టణంలో ఎరువుల గిడ్డంగి అంటుకుంది. ఆర్పడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. లోపలున్న అమ్మోనియం నైట్రేట్ పేలి 15 మంది చనిపోయారు. వాళ్లలో 12 మంది సాయానికి వెళ్లినవాళ్లే. అలాంటి మంట దగ్గర ఎప్పుడు వెనక్కి రావాలో నేర్పే శిక్షణ వాళ్లకు అందలేదని దర్యాప్తులో తేలింది. ఆ శిక్షణ ఖర్చు కూడా ఏఎఫ్‌జీ పరిధిలోకే వస్తుంది.

సరే, కోటు వచ్చింది. తొడుక్కునే మనిషి? 1984లో వాలంటీర్లు 8,97,750 మంది ఉండేవాళ్లు. ఇందాక చెప్పిన 2020 సంఖ్య పక్కన పెట్టి చూడండి, రెండు లక్షలకు పైగా తగ్గారు. అందుకే సేఫర్ అనే రెండో గ్రాంటు ఉంది. కొత్త వాలంటీర్లను చేర్చుకోవడానికి, ఉన్నవాళ్లను నిలుపుకోవడానికి ఇందులో కనీసం 10 శాతం కేటాయించాలి. ఆ పనికి ఊరు వాటా కట్టనక్కర్లేదు. ఈ రెండు గ్రాంట్లకూ 2023లో చెరో 36 కోట్ల డాలర్లు ఇచ్చారు, ఆ మరుసటి ఏడాది 32.4 కోట్లకు తగ్గించారు. ధరలు మాత్రం తగ్గలేదు. 2024 జులైలో ఈ పథకాలను 2028 దాకా పొడిగిస్తూ చట్టం చేశారు గానీ, ఏ ఏటి సొమ్ము ఆ ఏడే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, మంజూరు చేయాలి.

న్యూజెర్సీలో ఉంటున్న మన తెలుగువాళ్లు ఇంటి పన్ను బిల్లు ఓసారి తీసి చూడండి. ఫైర్ డిస్ట్రిక్ట్ ఉన్న టౌన్‌షిప్ అయితే దానికో వరస ఉంటుంది. ఆ బడ్జెట్ మీద ఓటు చాలాచోట్ల ఫిబ్రవరి మూడో శనివారం జరుగుతుంది. పౌరసత్వం ఉన్నవాళ్లు వెళ్లి ఓటేయండి. ఓటు లేనివాళ్లు దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి, అప్లికేషన్ రాసే పనిలో సాయం కావాలా అని అడగండి. స్ప్రెడ్‌షీట్లు, రిపోర్టులు మనవాళ్లకు రోజూ చేసే పనేగా.