చైనా మెచ్చుకునే యూదులు, చైనాలో ఉన్న యూదులు

సభకు నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

ప్రపంచం మొత్తం మీద యూదులు కోటిన్నర పైచిలుకు. చైనా జనాభా 140 కోట్లు. ఇప్పుడు చైనాలో ఉంటున్న యూదుల్లో ఎక్కువమంది ఉద్యోగాలకో చదువులకో వచ్చిన విదేశీయులే. మామూలు చైనీయుడు యూదుడితో ఒక్కసారి కూడా మాట్లాడి ఉండడు. అయినా అడిగితే చాలు, ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. చాలాసార్లు అది పొగడ్తే. తెలివైనవాళ్లు, డబ్బు సంపాదించడం తెలిసినవాళ్లు, పిల్లల్ని బాగా చదివిస్తారు, మనలాగే పాత జాతి, మనలాగే కష్టాలు పడ్డారు అంటారు. మార్క్స్, ఐన్‌స్టీన్ పేర్లు వెంటనే వచ్చేస్తాయి. ఈ పొగడ్త గురించే నాకు బెంగ.

కొన్నేళ్లుగా చైనా పుస్తకాల షాపుల్లో ఒక రకం పుస్తకాలకు మంచి గిరాకీ ఉంది. యూదుల ధన రహస్యాలు, యూదు తల్లుల పెంపకం, తల్మూద్ చెప్పిన వ్యాపార సూత్రాలు, ఇలా. తల్మూద్ అంటే ధర్మశాస్త్రం మీద యూదు పండితులు తరాల తరబడి చేసిన వాదోపవాదాల మహాసంపుటం. ఎద్దు పొడిస్తే నష్టపరిహారం ఎవరివ్వాలి అన్న దగ్గర్నుంచి ప్రార్థనవేళల దాకా అందులో ఉంటాయి. పిల్లాడికి మంచి ర్యాంకు రావాలని టెన్షన్ పడే తల్లి కొనే పుస్తకంలో ఈ గొడవ ఏదీ కనపడదు. అక్కడ యూదుడు ఒక సక్సెస్ ఫార్ములా, అంతే. మార్వాడీ అనగానే మనిషిని చూడకముందే మనవాళ్లు ఒక లెక్క వేసుకోరూ, అలాంటిదే ఇది.

అదే షాపులో 2007లో ఇంకో పుస్తకం వచ్చింది. సాంగ్ హాంగ్‌బింగ్ రాసిన ‘కరెన్సీ వార్స్’. ఐరోపాలో యూదు బ్యాంకర్లైన రోత్‌షీల్డ్ కుటుంబం తెరవెనుక నుంచి ప్రపంచ బ్యాంకింగ్‌ను ఆడిస్తోందని చెప్పే కుట్ర కథ. లక్షల్లో అమ్ముడుపోయింది. మెచ్చుకునే పుస్తకమూ తిట్టే పుస్తకమూ పక్కపక్కనే అమ్ముడుపోవడంలో వింతేమీ లేదు. లోకంలోని డబ్బు అంతా వీళ్ల చేతిలో ఉంది అన్న నమ్మకమే రెండింటికీ పునాది. గాలి ఎటు వీస్తే అటు, పొగడ్త తిట్టుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక చైనా సోషల్ మీడియాలో జరిగింది అదే. గాజాలో చనిపోతున్నవాళ్ల కోసం బాధపడటం, ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం ఎవరైనా చేయొచ్చు, చేయాలి కూడా. కానీ యూదులు అమెరికాను గుప్పిట్లో పెట్టుకున్నారన్న మాట దాంతో కలిసి ప్రవాహంలా వచ్చింది. దాన్ని ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు. పొగడ్త రూపంలో అప్పటికే ఇంట్లో ఉంది.

ఈ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? కొంత స్కూలు పుస్తకం నుంచి. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని కోర్టు ఘట్టం చైనా పిల్లలకు చాలాకాలం పాఠంగా ఉండేది. చాలామందికి మొదట ఎదురయ్యే యూదుడు అప్పు తీర్చలేదని మనిషి ఒంటి మాంసం కోసిమ్మనే షైలాక్. ఇంకొంత షాంఘై నుంచి. ఇక్కడ మనకూ సంబంధం ఉంది. బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి స్థిరపడిన ససూన్ అనే యూదు కుటుంబం ఇండియా నుంచి చైనాకు నల్లమందు పంపి కోట్లు గడించింది. బొంబాయిలో ససూన్ డాక్, లైబ్రరీ వాళ్లవే. షాంఘై నదీతీరంలో 1929లో కట్టిన, ఇప్పుడు పీస్ హోటల్ అని పిలిచే భవనమూ వాళ్లదే. నల్లమందు చైనాను ఎంత పాడు చేసిందో తెలుసు కనుక ఆ జ్ఞాపకం ఊరికే పోదు. కానీ గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క కుటుంబాన్ని. అదే షాంఘైలో రష్యా నుంచి పారిపోయి వచ్చి చిన్న కొట్లు నడుపుకున్న యూదులు ఎవరికీ గుర్తు లేరు.

ఆ తర్వాత 1938 నుంచి 1941 దాకా దాదాపు 20,000 మంది యూదు శరణార్థులు ఐరోపా నుంచి అదే రేవులో దిగారు, చేతిలో చిల్లిగవ్వ లేకుండా. వియన్నాలో చైనా కాన్సుల్ జనరల్ హో ఫెంగ్‌షాన్ అడిగినవారికల్లా వీసా ఇచ్చాడు. నిజానికి షాంఘైలో దిగడానికి వీసా అక్కర్లేదు. ఆస్ట్రియా వదిలి వెళ్లనివ్వాలంటే నాజీలకు ఏదో ఒక దేశం కాగితం చూపించాలి, అందుకు. బెర్లిన్‌లోని తన పై అధికారి వద్దన్నా ఆయన ఆపలేదు. 1997లో చనిపోయాక గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. 1943 ఫిబ్రవరిలో షాంఘైని ఆక్రమించి ఉన్న జపాన్ సైన్యం ఈ శరణార్థులను హోంగ్‌కూ వాడలోకి నెట్టింది. అక్కడ అప్పటికే కిక్కిరిసి బతుకుతున్న చైనీయుల పక్కన, అదే గల్లీలో, అదే ఆకలితో ఉన్నారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. చైనా కాపాడింది అన్న ముక్కే అందులో పెద్దగా వినపడుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ ఊరి మీద పెత్తనం అప్పుడు చైనాది కాదు. చైనీయులూ అక్కడ బాధితులే. ఆ ఇరుగుపొరుగు కథ ఇంకా పెద్దదీ, ఇంకా మంచిదీ అని నా అభిప్రాయం.

అసలు నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది చైనా పాత రాజధాని కైఫెంగ్ గురించి. సుమారు వెయ్యేళ్ల కింద, సాంగ్ రాజుల కాలంలో, కొందరు యూదు వర్తకులు ఆ రాజధానికి వచ్చారు. 1163లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. 1489లో చెక్కించిన శాసనంలో చక్రవర్తి తమతో అన్నాడంటూ ఒక మాట ఉంది: మా దేశానికి వచ్చారు, మీ పూర్వీకుల ఆచారాలు కాపాడుకుంటూ ఇక్కడే తరతరాలుగా ఉండండి అని. పశువు తొడనరం తీసేసి గానీ మాంసం తినరు కనుక ఊళ్లోవాళ్లకు వీళ్లు నరం తీసే మతంవాళ్లు. అంతే. ధనవంతులని గానీ, లోకాన్ని ఆడిస్తున్నారని గానీ ఎవరూ అనుకోలేదు. పెళ్లిళ్లు కలిశాయి. పరీక్షలు రాసి ప్రభుత్వ అధికారులయ్యారు.

1605లో ఆ సమాజానికి చెందిన ఐ తియాన్ అనే ఆయన బీజింగ్ వెళ్లాడు. ఒకే దేవుణ్ణి కొలిచే విదేశీయులు వచ్చారని విని, మనవాళ్లే అయి ఉంటారనుకుని జెసూట్ ఫాదర్ మతేయో రిచ్చీ ఇంటికి వెళ్లాడు. లోపల మేరీ, బాల యేసు, పక్కన బాల యోహాను ఉన్న చిత్రం. ఐ తియాన్ కంటికి అది యూదుల పూర్వీకురాలు రిబ్కా, ఆమె కొడుకులు యాకోబు, ఏశావు. మాకు బొమ్మలకు మొక్కే ఆచారం లేదు గానీ పెద్దవాళ్లు కదా అని నమస్కరించాడు. రిచ్చీ ఏమో ఈయన క్రైస్తవుడనుకున్నాడు. అసలు విషయం తేలేసరికి కాసేపు పట్టింది.

1642 వరదలో మందిరం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు గానీ 19వ శతాబ్దం మొదట్లో చివరి గురువు పోయాక తమ మతగ్రంథాల భాష హీబ్రూ చదవగలిగేవాళ్లు లేకుండా పోయారు. ఇవాళ ఆ వంశాలవాళ్లు కొన్ని వందల మంది ఉంటారు. తండ్రి వైపు నుంచి వంశం చెప్పుకుంటారు కనుక, తల్లి వైపు చూసే యూదు ధర్మశాస్త్రం ప్రకారం మళ్లీ మతం తీసుకోవాలి. చైనా ప్రభుత్వం గుర్తించిన 56 జాతుల్లో వాళ్లు లేరు, ఐదు మతాల్లో యూదు మతమూ లేదు. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని, తామూ యూదులమేనని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. మీరెవరు అన్న ప్రశ్న వాళ్లకూ తప్పలేదు. కాకపోతే శనివారం ప్రార్థన చేసుకుంటే ఇక్కడ పోలీసులు రారు. కైఫెంగ్‌లో 2015 తర్వాత ఆ సంఘాల కేంద్రాలు మూయించారు, పండుగలు బహిరంగంగా జరుపుకోనివ్వలేదు.

ఒక సంగతి మరువకూడదు. 1992 జనవరిలో చైనా ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంది, అదే నెలలో ఇండియా కూడా. అంతకుముందే, 1985లో, బీజింగ్ విశ్వవిద్యాలయంలో హీబ్రూ నేర్పడం మొదలైంది. నాన్జింగ్‌లో షు షిన్ అనే ప్రొఫెసర్ యూదు అధ్యయన కేంద్రం నెలకొల్పి, యూదుల విజ్ఞాన సర్వస్వం చైనా భాషలో తెచ్చారు. ఈ పండితుల పని ఆ ధన రహస్యాల పుస్తకాల పక్కన అమ్ముడుపోదు. అయినా యూదుడంటే ఎవరో తెలుసుకోవాలనుకునే చైనా కుర్రవాడికి దారి చూపిస్తున్నది వాళ్లే. మూలగ్రంథాలు చదవడానికి భాష నేర్చుకుంటున్నారు, కైఫెంగ్ శాసనాలు చదువుతున్నారు. ఆ శాసనం రాయించుకున్నవాళ్ల వారసులకు సొంత ఊళ్లో నలుగురు కలిసి పండుగ చేసుకునే హక్కు ఇవ్వమని మాత్రం అక్కడ గట్టిగా అడగగలిగే పరిస్థితి లేదు. అందుకే ఇక్కడ మీ ముందు అడుగుతున్నాను.

ప్రశ్నలుంటే చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం.