గుండు వచ్చేదాకా ఆగాలి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట హ్యామర్ త్రో గురించి, అందులోనూ మహిళల హ్యామర్ త్రో గురించి చెప్పుకుందాం. హ్యామర్ అంటే సుత్తి. రేడియోలో కూర్చుని ఒకరు పది నిమిషాలు సుత్తి గురించి చెబుతారంటే మీకేం తోస్తుందో నాకు తెలుసు. వీలైనంత వరకు ఆ రెండో అర్థం రాకుండా చూసుకుంటాను.

నిజానికి ఈ ఆటలో సుత్తి ఎక్కడా కనబడదు. ఒకప్పుడు స్కాట్లండ్, ఐర్లండ్ వైపు జనం కర్రపిడి ఉన్న సమ్మెటను తిప్పి విసిరేవారు. ఆ పేరు మిగిలిపోయింది, వస్తువు మారిపోయింది. ఇప్పుడున్నది ఒక లోహపు గుండు, దానికో ఉక్కు తీగ, తీగ చివర చేత్తో పట్టుకునే పిడి. మహిళలు విసిరేది ఇవన్నీ కలిపి 4 కిలోలు. పురుషులది 7 కిలోల 260 గ్రాములు. ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలిన వాళ్ళకి దీని సూత్రం వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఒడిసెల తిప్పే మనిషి ఒకచోట నిలబడే ఉంటాడు. ఇక్కడ మనిషి కూడా గుండుతో పాటు గిర్రున తిరగాలి.

తిరగడానికి ఇచ్చే చోటు ఎంతనుకున్నారు? అడ్డంగా కొలిస్తే 2 మీటర్ల 13 సెంటీమీటర్ల గుండ్రటి గచ్చు. చుట్టూ ఇనుప అంచు. ఆ అంచు మీద కాలు పడ్డా, బయట పడ్డా ఫౌల్. మూడు వైపులా ఎత్తైన వల ఉంటుంది. ముందు వైపు తెరిచిన చోటు నుంచే గుండు పోవాలి. పోయి మైదానంలో గీసిన రెండు తెల్ల గీతల మధ్యనే పడాలి. ఆ గీతల మధ్య కోణం 35 డిగ్రీలకు కాస్త తక్కువ. గిరగిరా తిరుగుతున్న మనిషి సరైన క్షణానికి రవ్వంత ముందో వెనకో చెయ్యి వదిలితే గుండు వలకు కొట్టుకుంటుంది, లేదా గీత దాటి పోతుంది.

ఒక్క విసురును దగ్గర్నుంచి చూద్దాం. విసరబోయే అమ్మాయి ఆ గచ్చు వలయంలోకి వచ్చి మైదానానికి వీపు పెట్టి నిలబడుతుంది. ఎడమ చేతికి తోలు గ్లవ్. వేళ్ళ కొసలు మాత్రం బయటికి కనిపిస్తుంటాయి. ఆ చేత్తో పిడి పట్టుకుని, దాని మీద కుడి చెయ్యి వేస్తుంది. టైము నిమిషమే. ముందు ఒకటి రెండు సార్లు గుండును తల చుట్టూ తిప్పుతుంది. అప్పటికింకా పాదాలు నేల మీదే ఉంటాయి. ఆ తర్వాత ఎడమ మడమ మీద బరువు మోపి తిరగడం మొదలెడుతుంది. మడమ నుంచి పాదం బయటి అంచుకి, అక్కడి నుంచి ముని పాదానికి, మళ్ళీ మడమకి. కుడి కాలు లేస్తుంది, చుట్టూ తిరిగి వచ్చి నేల తాకుతుంది, మళ్ళీ లేస్తుంది. కొందరు మూడు చుట్లు తిరుగుతారు, ఎక్కువ మంది నాలుగు. చుట్టు చుట్టుకీ వేగం పెరుగుతుంది. మొదటి చుట్టులో మనిషి ఎవరో, గుండు ఏదో విడివిడిగా తెలుస్తాయి. నాలుగో చుట్టుకి వచ్చేసరికి ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో చెప్పలేం. చివర్లో ఎడమ భుజం మీదుగా వదిలేస్తుంది.

గుండు 80 మీటర్లు పోవాలంటే చేతిలోంచి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో బయటపడాలి. ఆ వేగంలో 4 కిలోల గుండు చేతుల్ని బయటికి ఎంత బలంగా లాగుతుందో లెక్క కడితే 170 కిలోల బరువుకు పైనే తేలుతుంది. ఆ లాగుడికి ఎదురుగా వెనక్కి వాలి, మోకాళ్ళు వంచి, కూర్చున్నట్టు ఉండి తిరగాలి. కాస్త నిటారుగా లేచిందా, గుండే ఆమెను లాక్కుపోతుంది.

ఇక్కడే ఈ ఆటలో నాకు బాగా నచ్చిన విషయం ఉంది. చూసేవాళ్ళకి ఇదంతా బలంతో గుంజి పారెయ్యడంలా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా అలాగే అనుకుని, చేతులు ముడిచి గుండును ముందుకు లాగబోతారు. లాగితే గుండు తిరిగే చుట్టు చిన్నదవుతుంది, వేగం చస్తుంది. చేతులు తాళ్ళలా వదులుగా, పూర్తిగా చాచి ఉండాలి. గుండు తన దారిన తాను కిందికి దిగేదాకా ఆగాలి. రెండు పాదాలు నేల మీద ఉన్న ఆ కొద్ది క్షణంలోనే దానికి ఊపు ఇవ్వాలి. చుట్లన్నీ కలిపి రెండు సెకన్ల మాట. అందులో ఆగడం ఏమిటి అని మీరు అడగొచ్చు. ఆ రెండు సెకన్లలో ఆగడం నేర్చుకోవడానికే వాళ్ళకి ఏళ్ళు పడుతుంది.

ఆగడం అంటే ఆడవాళ్ళు ఈ ఆట కోసం ఆగిన కాలమూ గుర్తొస్తుంది. ఒలింపిక్స్‌లో పురుషుల హ్యామర్ త్రో 1900లో మొదలైంది. మహిళలకు 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా చోటే లేదు. సరిగ్గా నూరేళ్ళు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దానికి ఒక్క ఏడాది ముందు, 1999లో సెవిల్లేలో పెట్టారు. అక్కడ గెలిచిన రుమేనియా అమ్మాయి మిహేలా మెలింటే సిడ్నీకి ప్రపంచ రికార్డుతో వచ్చింది. అయితే నిషేధిత మందుల కోసం చేసే డోపింగ్ పరీక్షలో దొరికిందని, పోటీ మొదలుకాకముందే ఆమెను స్టేడియంలోంచి బయటికి పంపేశారు. ఇక స్వర్ణం ఎవరిది? పోలండ్‌కు చెందిన 17 ఏళ్ళ కమిలా స్కొలిమోవ్‌స్కాది. 71 మీటర్ల 16 సెంటీమీటర్లు. ఇంకా స్కూల్లో చదువుకోవాల్సిన వయసు.

ఆ కమిలా 2009 ఫిబ్రవరిలో, పోర్చుగల్‌లో శిక్షణ శిబిరంలో ఉండగా చనిపోయింది. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఆమెకు అప్పటికి 26 ఏళ్ళే.

అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. పోలండ్ నుంచి అనిటా వ్లొదార్చిక్ వచ్చింది. ఆతిథ్య దేశం జర్మనీ తరఫున బెట్టీ హైడ్లర్. స్టేడియం మొత్తం బెట్టీ వైపే. రెండో విసురులో అనిటా గుండు 77 మీటర్ల 96 సెంటీమీటర్ల దగ్గర పడింది. ప్రపంచ రికార్డు! ఆ సంబరంలో పరిగెత్తి, గెంతి, చీలమండ మెలిపెట్టుకుంది. గుండు విసిరేటప్పుడు ఏమీ కాలేదు, ఆనందపడేటప్పుడు దెబ్బ తగిలింది. ఆ కాలితో మళ్ళీ తిరిగేదెలా? తర్వాతి విసుర్లు కొన్ని వదులుకుని పక్కన కూర్చుంది. బెట్టీ తన దేశ రికార్డు బద్దలుకొట్టి 77 మీటర్ల 12 సెంటీమీటర్లు విసిరింది. 84 సెంటీమీటర్లు చాల్లేదు. అనిటా ఆ తర్వాత ఎన్నో పోటీల్లో కమిలా వాడిన గ్లవ్ వేసుకుని విసిరింది. తోలు గ్లవ్ అరిగిపోయే వస్తువు. ఏటేటా మార్చేదాన్ని దాచుకుని మరీ వేసుకోవడం చూస్తే మనసు ఎలాగో అవుతుంది.

ఇక 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్. ఇలాంటి ఫైనల్ ఇంకొకటి నాకు తెలియదు. ఐదో రౌండులో రష్యా అమ్మాయి తత్యానా లిసెంకో విసిరింది. ఆ వెంటనే బెట్టీ హైడ్లర్ విసిరింది, గుండు 77 మీటర్లు దాటింది. ప్రేక్షకులు చూశారు, ఆమె చూసింది. బోర్డు మీద మాత్రం అంకె రాలేదు. ఎందుకంటే, ఆ దూరం అంతకుముందు విసిరిన లిసెంకో దూరంతో సరిగ్గా సమానంగా వచ్చిందట. కొలిచే వ్యవస్థ, అదే అంకె రెండోసారి వచ్చింది కాబట్టి పాత లెక్కే మళ్ళీ పంపారనుకుని పక్కన పెట్టేసింది! ఎనభై వేల మంది కళ్ళకు కనపడింది కంప్యూటర్‌కు కనపడలేదు.

పోటీ ముగిసింది. మూడో స్థానం చైనాకు చెందిన జాంగ్ వెన్షియుది అన్నారు. ఆమె జెండా కప్పుకుంది. బెట్టీ అధికారుల దగ్గర నిలబడి వాదిస్తోంది. జర్మనీ వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు, లెక్కలు మళ్ళీ తీశారు, ఆ విసురు దొరికింది. కాంస్యం బెట్టీకి వచ్చింది, జాంగ్ నాలుగో స్థానానికి జారింది. భుజం మీద జెండా ఉండగానే పతకం పోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆమె తప్పు ఏమైనా ఉందా, పాపం?

కథ అయిపోలేదు. అప్పటి శాంపిళ్ళను కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే స్వర్ణం గెలిచిన లిసెంకో నిషేధిత మందు వాడినట్టు తేలింది. 2016 అక్టోబరులో ఆమె పతకం రద్దయింది. రెండో స్థానంలో ఉన్న అనిటాకు స్వర్ణం, బెట్టీకి రజతం. కాంస్యం తిరిగి జాంగ్ వెన్షియుకి. నాలుగేళ్ళు పట్టింది. పతకం చేతికి వచ్చినట్టే గానీ, ఆ రాత్రి స్టేడియంలో తమ జాతీయ గీతం వినే అవకాశం అనిటాకి ఎవరు తిరిగి ఇస్తారు? దీనికి నా దగ్గర జవాబు లేదు.

అనిటా మాత్రం జవాబు కోసం ఆగలేదు. 2015లో 81 మీటర్ల 8 సెంటీమీటర్లు విసిరి, 80 మీటర్లు దాటిన మొదటి మహిళ అయింది. 2016 రియోలో 82.29తో గెలిచింది. అదే నెలలో వార్సాలో 82 మీటర్ల 98 సెంటీమీటర్లు విసిరింది. అది కమిలా పేరిట ఏటా జరిగే స్మారక పోటీ. ఆ ప్రపంచ రికార్డు ఇంకా అలాగే ఉంది. టోక్యోలోనూ గెలిచి, వరసగా మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణం పట్టింది. ఆ మూడింట్లో మొదటిది లండన్‌దే.

ఇంకొక పేరు చెప్పాలి. అనెట్ ఎచికున్వోకే. టోక్యో ఒలింపిక్స్‌కి నైజీరియా తరఫున వెళ్ళింది. పోటీకి ముందు ఆ దేశపు అథ్లెట్లకు జరగాల్సినన్ని డోపింగ్ పరీక్షలు జరగలేదని పది మందిని పక్కన పెట్టేశారు. వాళ్ళలో ఆమె ఒకరు. ఆమె మందులు వాడిందని ఎవరూ అనలేదు, పరీక్షే చెయ్యలేదు, అంతే. తర్వాత అమెరికా తరఫున ఆడి, 2024 పారిస్‌లో 75.48తో రజతం గెలిచింది. అక్కడ స్వర్ణం కెనడా అమ్మాయి కామ్రిన్ రోజర్స్‌ది. కామ్రిన్‌ను తల్లి ఒక్కతే పెంచింది. ఆ తల్లి జుట్టు కత్తిరించే పని చేసేది.

2025 సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కామ్రిన్ 80 మీటర్ల 51 సెంటీమీటర్లు విసిరింది. 80 దాటిన వాళ్ళలో నాలుగో మహిళ. దూరం లెక్కన చూస్తే, అనిటా తర్వాత అంత దూరం ఇంకెవరూ విసరలేదు.

నా దృష్టిలో ఇది రేడియోకి బాగా పనికొచ్చే ఆట. తిరుగుతున్నంత సేపూ గచ్చు మీద బూటు రాసుకునే చప్పుడు. వదిలే క్షణంలో ఒక కేక. 80 మీటర్ల విసురు గాలిలో ఉండేది దాదాపు నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ విసిరిన మనిషి అంచు మీద కాలు పడకుండా నిలదొక్కుకుంటూ, పోతున్న గుండుకేసి అరుస్తూనే ఉంటుంది, అరిస్తే ఇంకో అడుగు ముందుకు పోతుందన్నట్టు. ఆ తర్వాత దూరంగా గడ్డిలో ధబ్‌మని ఒక్క చప్పుడు. అప్పుడు వలయం వెనక సగంలోంచే బయటికి నడవాలి. ముందు వైపు నుంచి దిగితే అదీ ఫౌలే.

నమస్కారం.