గెలాక్సీ రాయి, నెల్లూరు గొర్రె: ఏది ఏకరీతి?

సమన్వయకర్త: నమస్కారం. చీమకుర్తి క్వారీల్లో తీసే నల్లని గెలాక్సీ రాయి అంతా ఒకే తీరుగా ఉంటుందని, నెల్లూరు గొర్రెల్లో మాత్రం దేని తీరు దానిదేనని చాలామంది అనుకుంటారు. అది నిజమేనా?

భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు: నలుపు వరకు నిజమేనండి. కానీ ఆ రాయికి పేరు తెచ్చినవి బ్రాంజైట్ ఖనిజపు బంగారు చుక్కలు. క్వారీలో అప్పుడే తీసిన బ్లాకు మీద దుమ్ము ఉన్నంతసేపు ఏమీ తెలియదు. బిందెడు నీళ్లు పోయగానే ఒక మూల చుక్కలు ఒత్తుగా, ఇంకో మూల పలచగా బయటపడతాయి. రెండు బ్లాకుల పలకలు పక్కపక్కన పరిస్తే అతుకు దగ్గర ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది కనుక, ఒకే బ్లాకు పలకలను కలిపి ఉంచడం మంచిది.

జీవాల పెంపకందారు: మా జీవాల్లో రంగు చూసే పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు చెబుతాం. పల్ల తెల్లనిది, జోడిపికి మూతి, కళ్ల చుట్టూ నల్లమచ్చలు, దొర ఒళ్లంతా గోధుమరంగు. అయితే పొడుగు కాళ్లు, ఉన్ని లేని పొట్టి వెంట్రుకలు మూడింటికీ ఉంటాయి సార్.

గణాంకశాస్త్ర అధ్యాపకుడు: అసలు విషయం ఇదే. ఏ గుణంలో అని చెప్పకుండా ఏకరీతి అనే మాటకు అర్థం లేదు. గుణం ఒకటే అయినా, తేడాను సగటుతో పోల్చి చూడాలి. పెద్ద గొర్రెల సగటు బరువు 30 కిలోలు, ప్రామాణిక విచలనం, అంటే బరువులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 3 కిలోలు అనుకుందాం. అప్పుడే పుట్టిన పిల్లలకు సగటు 3 కిలోలు, విచలనం 0.6 కిలోలు అనుకుందాం. విచలనం పెద్దవాటికే ఎక్కువగా కనబడుతున్నా, సగటుతో భాగిస్తే వాటికి 10 శాతం, పిల్లలకు 20 శాతం వస్తుంది. అంటే ఎక్కువ వైవిధ్యం పిల్లల్లోనే ఉంది. దీన్నే విచలనాంకం అంటాం. ఈ లెక్క చేయకుండా ఇచ్చే తీర్పులు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

సమన్వయకర్త: మందంతా ఒకే తీరుగా ఉంటే కొనేవాళ్లు ఇష్టపడరా?

జీవాల పెంపకందారు: ఇష్టపడతారు సార్, నేనూ ఆ మాటకే పడిపోయాను. ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి మందలో ఉంచాను. పిల్లలన్నీ అచ్చుగుద్దినట్టు పుట్టాయి గానీ, తర్వాత తర్వాత అది తన పిల్లలతోనే కలవడంతో బక్కచిక్కినవి ఎక్కువయ్యాయి. పక్క ఊరి మందతో పొట్టేలును మార్చుకున్నాకే పిల్లలు తేరుకున్నాయి.