ఎర్రచందనం మొలకకు వెలుగు ఎందుకంత ముఖ్యం?

నమస్కారం. కడప నుంచి రాయచోటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో మనం దాటే పాలకొండలు ఎర్రచందనానికి పుట్టిల్లు. ఎవరూ నాటకుండానే మొలిచే ఎర్రచందనం మొక్క చెట్టుగా ఎదగడానికి వెలుగు ఏ మేరకు అవసరమో ఈ వీడియోలో చూద్దాం.

ఈ కాయను గమనించండి. చుట్టూ రెక్కవంటి అంచు, నడుమ గట్టి పెంకు, లోపల సాధారణంగా ఒకే గింజ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండే ఈ కాయలు గాలికి ఎగిరి పడి, వానలు మొదలైన తర్వాత మొలకెత్తుతాయి. చల్లని దేశాల ఓక్ చెట్టు గింజలో ఆహారం దండిగా నిల్వ ఉంటుంది గనుక దాని మొలక నీడలో కూడా కొన్నేళ్లు నెగ్గుకు రాగలదు. ఎర్రచందనం గింజకు అంత నిల్వ లేదు. మొలక తన ఆకులతో తానే ఆహారం తయారు చేసుకోవాలి, ఆ పనికి ఎండ తగలాలి.

తొలి వానాకాలంలో ఎండ బాగా అందిన మొలక ఆ ఆహారాన్ని వేరులో దాచుకుంటుంది. వేసవిలో పైకాండం ఎండిపోయినా, వేరు లావుగా ఉంటే మరుసటి వానలకు మళ్లీ చిగురిస్తుంది. దట్టమైన నీడలో మొలిచినది వానాకాలమంతా పచ్చగానే కనిపించి, వేరు బలం లేక ఎండాకాలానికి చనిపోతుంది. పచ్చదనాన్ని చూసి మోసపోకూడదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

మరొక పొరపాటు మార్చి నెలలో అడవిని చూసి వెలుగును అంచనా వేయడం. అప్పటికి చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి నేలంతా ఎండే కనిపిస్తుంది, కానీ మొలకలు పెరిగే కాలం అది కాదు. ఆగస్టు నుంచి అక్టోబరు లోపల, మబ్బు లేని రోజున, అటవీశాఖ అనుమతితో వెళ్లి, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల తెల్లగుడ్డను నేలపై పరచండి. ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, 3 గంటలకు దానిపై ఎండ ఎంత భాగం పడుతుందో ఫోటో తీసి, ఆ చోట ఉన్న మొలకలను లెక్కపెట్టండి. మరుసటి ఏడాది తొలకరి తర్వాత అదే చోట మళ్లీ లెక్కించి పోల్చండి.

వెలుగు కోసం చుట్టూ ఉన్నదంతా నరికివేస్తే బోదగడ్డి కమ్ముకుంటుంది, వేసవిలో అదే నిప్పుకు ఆహారమై మొలకలను కాల్చేస్తుంది. పెద్ద చెట్లను అలాగే ఉంచి, మొలకలపైకి అల్లుకున్న తీగలను, పొదలను అటవీ సిబ్బంది తొలగిస్తే చాలావరకు సరిపోతుంది. పాత మోళ్ల నుంచి వచ్చే పిలకలకు కూడా ఈ వెలుగే కావాలి, అయితే వాటికి పెద్ద వేరు ముందే ఉన్నందున అవి మొలకలకన్నా త్వరగా ఎదుగుతాయి.