క్రూయిజర్లు ఎందుకు? బుల్లెట్ దగ్గర ఆగిపోయిన ఎపిసోడ్

బావ: నమస్కారం. మళ్లీ మేమే. నా బుల్లెట్ క్రూయిజరా కాదా అన్న గొడవ ఈ వారం ఎత్తేది లేదని ముందే చెబుతున్నాను.

బావమరిది: అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు బావా.

బావ: అడగనీ. మీ అక్క ఇక్కడే కూర్చుని ఉంది.

అక్క: నాకు అభ్యంతరం లేదు. చెప్పుకోండి.

బావ: వద్దు. విషయంలోకి వెళ్దాం.

బావమరిది: సరే. విశాఖ నుంచి ఒక శ్రోత అడిగారు. డబ్బు ఉంది, లైసెన్సు ఉంది, షోరూములో రెండు రకాల బళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. స్పోర్ట్స్ బైకు చూడటానికి అందంగా ఉంటుంది, వేగంగా పోతుంది. అయినా చాలామంది దాన్ని దాటుకుని క్రూయిజర్ దగ్గర, అంటే తీరిగ్గా కూర్చుని దూరం పోయే రకం బండి దగ్గర, ఎందుకు ఆగుతారు?

బావ: స్ట్రోక్.

బావమరిది: అప్పుడేనా?

బావ: మొదటి జవాబు అదే, చివరి జవాబూ అదే. సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ ఎంత దూరం ప్రయాణిస్తుందో అదే బండి స్వభావం. నా పాత బుల్లెట్‌లో సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90. మీ అక్క నడిపే క్రూయిజర్ మీటియర్‌లో 72, 85.8. కేటీఎం ఆర్‌సీ 390 అనే స్పోర్ట్స్ బైకులో 89, 60. చూశావా? అక్కడ వెడల్పు ఎక్కువ, ప్రయాణం తక్కువ. ఇక్కడ అంతా తలకిందులు.

బావమరిది: నా స్పోర్ట్స్ బైకు ఆర్15ను వదిలేశారు.

బావ: నీది 58, 58.7. రెండూ దాదాపు సమానం. నీలాగే, ఎటూ తేల్చదు.

బావమరిది: నేను ఎప్పుడో తేల్చాను బావా. నాకు స్పోర్ట్స్ బైకే ఇష్టం. ఆ ఇష్టానికి కారణాలున్నాయి, అవీ ఈ రోజు చెబుతాను. కానీ అడిగిన శ్రోతకు ముందు ఒంటి సంగతి చెప్పాలి. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం పూట నా బండి మీద వెళ్లి చూడండి. హ్యాండిల్ కిందికి ఉంటుంది, ఒళ్లు ముందుకు వాలుతుంది, ఆ బరువంతా మణికట్టు మీద పడుతుంది. వేగం ముప్పై దాటదు. అదే బండి హైవే మీద 100 అందుకుంటే ఎదురుగాలి ఛాతీని పైకి నెడుతుంది, చేతుల మీది బరువు తగ్గిపోతుంది. ఆ కూర్చునే తీరును ఆ వేగం కోసమే తయారుచేశారు. తక్కువ వేగంలో నడిపితే శిక్ష.

బావ: క్రూయిజర్‌లో దానికి వ్యతిరేకం.

బావమరిది: అవును. 60, 70, 80 దాకా హాయి. వంద దాటితే గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది, హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మన రోడ్ల సంగతి చూడండి. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద కూడా ద్విచక్ర వాహనాలకు గరిష్ఠ వేగం 80. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు చక్కగా చుట్టూ ఉంది, దాని మీదికి మనల్ని రానివ్వరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ రానివ్వరు. శ్రీశైలం రోడ్డు నల్లమల అడవిలో నుంచి పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు, పగలైనా అక్కడ జోరుగా పోకూడదు. మరి నిమిషానికి 10,000 తిరుగుళ్ల దగ్గర పూర్తి బలం ఇచ్చే ఇంజిను తెచ్చుకుని ఎక్కడ తిప్పాలి? క్రూయిజర్ ఆనందం చట్టం అనుమతించే వేగంలోనే దొరుకుతుంది. శ్రోతకు నా జవాబు ఇదే.

బావ: బాగా చెప్పావు. ఇది స్ట్రోక్ వల్లనే సాధ్యం.

అక్క: వదిలిపెట్టరు కదా!

బావ: ఎలా వదులుతాను? వినండి. మీటియర్‌కు 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 4,000 తిరుగుళ్లకే వస్తుంది. ఆర్15కు 14.2, అదీ 7,500 దగ్గర. అంటే మీ అక్క ట్రాఫిక్‌లో గేరు మార్చకుండానే లాగించేస్తుంది. నువ్వు ఎడమ కాలితో అస్తమానూ గేర్లు తన్నుతూ ఉంటావు. అందుకే నా బుల్లెట్ లాంటి క్రూయిజర్...

బావమరిది: ఆగండి. బుల్లెట్ క్రూయిజర్ కాదు.

బావ: మళ్లీ మొదలుపెట్టావా?





బావమరిది: బావా, మీ బండి మీద కూర్చుంటే పాదాలు ఎక్కడ ఉంటాయి? నడుము కిందే. మోకాళ్లు వంచి, నిటారుగా కూర్చుంటారు. క్రూయిజర్‌లో పాదాలు ముందుకు చాచి ఉంటాయి. ఇప్పుడు వస్తున్న బుల్లెట్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీటియర్‌ది 765. నా ఆర్15ది 815. లెక్క ప్రకారం బుల్లెట్ నా బండికే దగ్గర!

బావ: నలభై మిల్లీమీటర్లు చూపించి నా బండిని పక్కింటివాళ్లకు ఇచ్చేస్తావా? 1932లో ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీలో ఆ పేరుతో బండి పుట్టింది. యాభైల్లో మన సైన్యం సరిహద్దు గస్తీ కోసం 800 బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారు, తిరువొత్తియూరులో తయారీ సాగింది. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడ్డాక కూడా ఇక్కడ బండి ఆగలేదు. అన్నేళ్లు ఈ దేశంలో దూరప్రయాణం అంటే బుల్లెట్. తొందర లేకుండా, రోజంతా ఒకే తీరున పోయే బండి. క్రూయిజర్ అంటే అదే కదా?

బావమరిది: అది ప్రయాణం తీరు. బండి రకం వేరు. దూరం వెళ్లినంత మాత్రాన క్రూయిజర్ అయిపోతే లూనా మోపెడ్ మీద తిరుపతి వెళ్లినవాళ్లు ఉన్నారు.

అక్క: మా మేనమామ వెళ్లాడు. నిజంగానే.

బావమరిది: చూశారా? ఇంకో ప్రశ్న. 2002లో ఆ కంపెనీయే థండర్‌బర్డ్ తెచ్చింది. పైకి లేచిన హ్యాండిల్, మెట్టులా దిగిన సీటు, కన్నీటిచుక్క ఆకారం ట్యాంకు. బుల్లెట్ అప్పటికే క్రూయిజర్ అయి ఉంటే, కంపెనీ మళ్లీ ఇంకో క్రూయిజర్ ఎందుకు చేసింది?

బావ: కొత్తవాళ్లకు అమ్మడానికి.

బావమరిది: ఏ కొత్తవాళ్లకు? అమెరికా తరహా బండి కావాలనుకున్నవాళ్లకు. అంటే బుల్లెట్ ఆ తరహా కాదని కంపెనీకి తెలుసు. బజాజ్ వాళ్లు కవాసాకీతో కలిసి ఎలిమినేటర్ తెచ్చారు, 2005లో దాన్నే అవెంజర్‌గా మార్చి తక్కువ ధరకు ఇచ్చారు. మన దగ్గర మామూలు ఉద్యోగస్థులకు క్రూయిజర్ రుచి చూపించింది అవెంజర్. ఆ ఘనత దానికి ఇవ్వాలి, బుల్లెట్‌కు కాదు.

బావ: అవెంజర్ మంచి బండి. ఒప్పుకుంటాను. కానీ దాని స్ట్రోక్...

బావమరిది: బావా!

బావ: సరే, కొలతలు కాదు, ఇంకోటి చెబుతాను. ఇది ఎవరూ చెప్పరు. ఆర్‌సీ 390, మీటియర్ రెండూ దాదాపు ఒకే పరిమాణం ఇంజిన్లు. ఒకటి 373 సీసీ, ఇంకోటి 349. అయినా దానికి 43 హార్స్‌పవర్, దీనికి 20. జనం ఏమనుకుంటారు? మీటియర్ ఇంజినుకు సత్తువ లేదు అనుకుంటారు. పిస్టన్ వేగం లెక్క వేసి చూడు. కేటీఎం 9,000 తిరుగుళ్లు తిరిగినప్పుడు పిస్టన్ సగటున సెకనుకు 18 మీటర్లు పరుగెడుతుంది. మీటియర్ 6,100 తిరిగితేనే 17 దాటుతుంది. అంటే లోపల రెండూ ఒకే పరుగు పెడుతున్నాయి! పొడుగు స్ట్రోక్ ఉన్నది తక్కువ తిరుగుళ్లకే తన హద్దుకు చేరుతుంది, అంతే. సోమరితనం కాదు. దాని అడుగు పెద్దది.

బావమరిది: ... ఇది బాగుంది. నిజంగా నాకు ఈ లెక్క తెలియదు.

బావ: పిస్టన్ ప్రయాణాన్ని రెండుతో, తర్వాత తిరుగుళ్లతో గుణించి, అరవైతో భాగించు. ఎవరైనా చేయవచ్చు.

బావమరిది: కానీ దానివల్ల బుల్లెట్ క్రూయిజర్ అయిపోదు. ఎందుకంటే గుంతలున్నాయి.

బావ: గుంతలా?

బావమరిది: మీరు గుంత చూడగానే ఏం చేస్తారు? ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు మీది నుంచి కొంచెం లేస్తారు. పాదాలు కింద ఉన్నాయి కనుక లేవగలుగుతారు. నేనూ లేవగలను. అక్కా, నువ్వు లేవగలవా?

అక్క: అంత సులువుగా లేవలేను. కాళ్లు ముందుకు ఉంటాయి కదా. స్పీడ్ బ్రేకరు కనిపించకపోతే నేరుగా వెన్నెముక అడుగున తగులుతుంది. అందుకే నేను ముందే నెమ్మదిస్తాను.

బావమరిది: అదీ తేడా. క్రూయిజర్‌లో ఒంటి బరువంతా నడుము కింద ఒక్కచోట పడుతుంది. సాఫీ రోడ్డు మీద సింహాసనం. గతుకుల రోడ్డు మీద బుల్లెట్టే మేలు, ఎందుకంటే అది క్రూయిజర్ కాదు కాబట్టి. నేను మీ బండిని పొగుడుతున్నాను బావా, మీకు అర్థం కావడం లేదు.

బావ: ఇలాంటి పొగడ్త నాకు వద్దు.

అక్క: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఆ శ్రోతకు నేను చెబుతాను. మీటియర్ కొన్నది నేను. ఎందుకు కొన్నానో మీరిద్దరూ ఒక్కసారి కూడా అడగలేదు.

బావ: ఎందుకు?

అక్క: పాదం పూర్తిగా నేల మీద ఆనింది కాబట్టి. బండి 191 కిలోలు. సిగ్నల్ దగ్గర, అందులోనూ ఎత్తు మీద ఆగినప్పుడు, మునివేళ్ల మీద నిలబడి అంత బరువు మోయడం నా వల్ల కాదు. 765 అన్నావే, ఆ అంకె నాకు తెలియదు. కూర్చున్నాను, కాళ్లు ఆనాయి, అప్పుడే నిర్ణయించుకున్నాను. నాతో పాటు నేర్చుకున్న ఆడవాళ్లలో చాలామందిది ఇదే మాట. పొట్టిగా ఉన్న మగవాళ్లది కూడా, వాళ్లు పైకి చెప్పరు.

బావమరిది: నా బండి మీద కూడా కూర్చున్నావు కదా.

అక్క: వెనక కూర్చున్నాను. అది సీటా? అరచేయంత దిండు, అదీ నీ భుజాల కంటే ఎత్తున. బ్రేకు వేసిన ప్రతిసారీ నీ వీపు మీద పడటమే. పట్టుకోవడానికి ఏమీ లేదు. చీర కట్టుకుని ఒకవైపు కూర్చోవడం అసలు కుదరదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఉంది. వెనక కూర్చునే మనిషికి చేతి పట్టు, కాళ్లకు ఆధారం ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా మూసి ఉంచాలి. అందం చెడుతుందని కుర్రవాళ్లు షోరూము నుంచి బయటికి రాగానే శారీ గార్డు విప్పించేస్తారు. ఎవరి ప్రాణం అది? వెనక కూర్చున్న అమ్మదో, చెల్లెలిదో.

బావమరిది: నాది అలాగే ఉంది అక్కా. తీయలేదు.

అక్క: నీ సంగతి కాదు. మొత్తం మీద చెబుతున్నాను. ఇంట్లో ఒకే బండి ఉండేవాళ్లు ఎక్కువమంది. ఆ బండి మీద ఇద్దరు తిరగాలి. కొనేవాడికి నచ్చిన బండి వెనక కూర్చునే మనిషికి కూడా నచ్చాలి. క్రూయిజర్ అమ్ముడుపోవడానికి సగం కారణం వెనక సీటు. మీ లెక్కల్లో ఆ సీటు ఎక్కడా లేదు.

బావ: ... నిజమే.

బావమరిది: ఇంకోటి చెప్పాలి, చప్పుడు సంగతి. అది తలచుకుంటే నాకు కోపం వస్తుంది. అమెరికా క్రూయిజర్ హార్లే ఇంజిన్లో రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు, రెండు పిస్టన్లూ ఇంజిను ఇరుసు మీద ఒకే క్రాంక్ పిన్నుకు తగిలించి ఉంటాయి. అందుకని పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. ఒకటి ఇరుసు 315 డిగ్రీలు తిరిగాక, మరొకటి 405 తిరిగాక. ఆ కుంటి లయ నుంచే దాని చప్పుడు పుట్టింది. 1994లో ఆ చప్పుడుకు ట్రేడ్‌మార్కు కావాలని దరఖాస్తు కూడా పెట్టారు, 2000లో వెనక్కి తీసుకున్నారు. ఇదంతా ఇంజిను కట్టుబడి నుంచి వచ్చిన శబ్దం. నాకు ఆ శబ్దం మీద గౌరవం ఉంది. కానీ మా వీధిలో సైలెన్సర్ లోపలి భాగం పీకేసి తెల్లవారుజామున ఆసుపత్రి ముందు నుంచి టపటపలాడిస్తూ పోయేవాళ్లు ఉన్నారు. దాన్ని ఏమనాలి? అందులో ఇంజిను గొప్ప ఏమీ లేదు. పోలీసులు అలాంటి సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

బావ: నేనూ కొట్టాను. నా బండికి కంపెనీ సైలెన్సరే ఉంది. పాత బుల్లెట్‌కు ఆ శబ్దం చాలు. పొద్దున్నే సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ మీట నొక్కి, కరెంటు చూపే ఆంమీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, అప్పుడు కిక్కు కొడితే ఒక్క దెబ్బకు అందుకుంటుంది. వీధిలో ఎవరూ లేవరు.

అక్క: నేను లేస్తాను.

బావమరిది: స్పోర్ట్స్ బైకు గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. ఎవరూ దాన్ని తక్కువగా చూడకూడదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడిపాను. మలుపు ముందు బ్రేకు పట్టి బండిని వాల్చినప్పుడు అది చూపు ఎటు ఉంటే అటే తిరుగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నిటారుగా ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం 1,325 మిల్లీమీటర్లే. మీటియర్‌కు 1,400, ఫోర్కు వాలు కూడా ఎక్కువ. అది తిన్నగా పోవడానికి పుట్టింది, మలుపులో బతిమాలాలి. నాకు మలుపు కావాలి. రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద. నెలంతా మణికట్లు నొప్పి పుట్టినా ఆ ఒక్క రోజు కోసం ఈ బండి ఉంచుకుంటాను.

బావ: అది మంచి కారణం. దాన్ని కాదనను.

బావమరిది: మరి బుల్లెట్ సంగతి ఒప్పుకున్నట్టేనా?

బావ: ఎక్కడ ఒప్పుకున్నాను? థండర్‌బర్డ్ అన్నావు కదా. 2002 థండర్‌బర్డ్ ఇంజిను కొలతలు ఏమిటో తెలుసా? 70, 90. అచ్చంగా నా బుల్లెట్ కొలతలే. అది క్రూయిజర్ అయినప్పుడు ఇది ఎందుకు కాదు?

బావమరిది: కొలతలు ఒకటే, కూర్చునే తీరు వేరు!

బావ: ఇంజిను కూర్చోదు, పరుగెడుతుంది.

బావమరిది: మనిషి కూర్చుంటాడు బావా. బండి మనిషి కోసం కదా...

అక్క: ఫోను ఛార్జింగు అయిపోతోంది. ఎర్రగా చూపిస్తోంది.

బావ: ఒక్క నిమిషం. అసలు స్ట్రోక్ అంటే...